హెరిటేజ్ లిస్టులో పేరుంది సరే, రావి మొక్క పీకేదెవరు?

సంపాదకుల గారికి నమస్కారం,

మన హైదరాబాద్‌లో ఏదైనా పాత బిల్డింగ్ కూల్చేస్తారంటే చాలు అందరం గొడవ చేస్తాం, కోర్టుకి కూడా వెళ్తాం, మంచిదే, 2019లో ఎర్రమంజిల్ ప్యాలెస్ అట్లనే మిగిలింది. దాన్ని తీసేసి కొత్త అసెంబ్లీ కడదామని జూన్‌లో కేబినెట్ డిసైడ్ చేస్తే సెప్టెంబర్‌లో హైకోర్టు కొట్టేసింది. మరి బుల్డోజర్ రాకుండానే పడిపోతున్న వాటి సంగతేంటి?

చార్మినార్, గోల్కొండ లాంటివి కేంద్ర పురావస్తు శాఖ చూసుకుంటది, కొన్నిటిని రాష్ట్ర శాఖ చూస్తది. ఈ రెండు చోట్లా లేని దేవిడీలు (నవాబుల కాలం నాటి పెద్ద భవంతులు), మార్కెట్లు, ఆస్పత్రులను కాపాడటం కోసం 1995లో అప్పటి హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) రూల్స్‌లో 13వ రెగ్యులేషన్ అని పెట్టి, తర్వాత వందకు పైగా కట్టడాలతో లోకల్‌గా ఒక లిస్టు వేశారు. 2015లో ఆ రెగ్యులేషనే ఎత్తేశారు, 2017లో కొత్త హెరిటేజ్ చట్టం తెచ్చారు. సామాన్యుడికి ఇందులో ఏది నడుస్తుందో అర్థమైతే ఒట్టు.

సరే చట్టం ఉందనే అనుకుందాం. ఓల్డ్ సిటీలో ఏదైనా పాత దేవిడీ పిట్టగోడ వైపు ఒకసారి తలెత్తి చూడండి, పిట్టలు వేసిన గింజ నుంచి రావి మొక్క మొలిచి ఉంటది. వేరు డంగు సున్నం (గానుగలో నూరిన పాతకాలపు సున్నం) సందుల్లోకి దిగుతుంది, పగులు వస్తుంది, ఆ పగుల్లోంచి వాన నీళ్లు దిగి లోపల చెక్క దూలాలు పుచ్చిపోతాయి, ఓనర్ ఏదో మంచి చేస్తున్నా అనుకుని పైన సిమెంట్ కొట్టిస్తాడు, దాంతో సున్నం గోడలో తడి బయటికి పోయే దారి లేక లోపల్లోపలే గోడ గుల్లయిపోతుంది. చివరికి వానాకాలం ముందు మున్సిపల్ వాళ్లొచ్చి శిథిలావస్థ అని నోటీసు అంటిస్తారు, ఇక ప్రాణాలకి ప్రమాదం అన్నాక లిస్టు గురించి అడిగేవాడెవడు?

ఓనర్లనే తిట్టి లాభం లేదండి. ఒక ఇంటికి అంతమంది వారసులు, పక్కనాయన ఐదంతస్తులు వేసి అద్దెలు వసూలు చేసుకుంటుంటే వీళ్లు మాత్రం ముట్టుకోవద్దు, రిపేరుకి సొంత డబ్బే పెట్టుకోవాలి అంటే ఎవరికి మనసొస్తది? కొందరైతే ఎప్పుడు కూలుతుందా అని ఎదురుచూస్తున్నట్టే ఉంటారు (తప్పుగా అనుకోకండి, నిజమే చెప్తున్నా).

సర్కారు బిల్డింగులదీ అదే కథ. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మానియా ఆస్పత్రి వార్డుల్లోకి 2020 జులైలో నీళ్లొచ్చి పాత బిల్డింగ్ ఖాళీ చేయించారు. నెల తర్వాత ఆగస్టులో రిపేర్లు చేసిన మొజంజాహీ మార్కెట్‌ని మళ్లీ ఓపెన్ చేశారు, 1935 నాటిది, ఇప్పుడు చూస్తే ముచ్చటేస్తది. అంటే మనోళ్లకి చేయడం రాక కాదు, ఎవరో ఒకరు పట్టించుకుంటేనే అవుతుంది, లేకపోతే లేదు.

నేనడిగేది పెద్ద ప్రాజెక్టులేం కాదు. ఏటా వానలకి ముందు లిస్టులో ఉన్న ప్రతి బిల్డింగ్ పైకి ఒక మనిషి ఎక్కి మొక్కలు పీకి, నీళ్లు పోయే తూములు క్లీన్ చేయించాలి, దానికి కోట్లు అక్కర్లేదు. సున్నంతో సరిగ్గా రిపేర్ చేయించుకున్న ఓనర్‌కి ప్రాపర్టీ టాక్స్ మాఫీ చేయండి. ముఖ్యంగా, పాత సున్నం పని తెలిసిన ఇంజనీర్ చూసి సంతకం పెట్టనిదే ఈ బిల్డింగులకి శిథిలం నోటీసు ఇవ్వొద్దు, మామూలు ఇంజనీర్‌కి సున్నం గోడలో ఏ పగులు ప్రమాదమో ఏది కాదో తెలియదు.

ఇంకోటి, గోడ మీద మొక్క కనిపిస్తే మనలాంటోళ్లు ఏ ఆఫీసుకి ఫోన్ చేయాలి? కనుక్కుని ఆ నంబర్ మీ పేపర్లో వేయండి సార్, ఈసారి వానలు మొదలవ్వకముందే.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్