కుట్లు విప్పితే గాయం మానినట్టేనా?

ఆపరేషన్ తర్వాత కుట్లు విప్పితే గాయం మానినట్టేనన్న అపోహను ఆరోగ్య వ్యాసాలు కూడా పెంచుతున్నాయి. చర్మానికి బలాన్నిచ్చే ప్రొటీన్ అయిన కొల్లాజెన్‌ను కోసే ఎంజైములను శత్రువులుగా చూపడం దానికి తోడు. పైచర్మం కొద్దిరోజుల్లోనే అతుక్కుంటుంది. కానీ మూడు వారాలకు గాయానికి వచ్చే బలం మామూలు చర్మంతో పోలిస్తే సుమారు 20 శాతమే; నెలలు గడిచినా 80 శాతం దాటడం అరుదు. ఆ నెలల్లో లోపల నడిచేది ఎంజైముల పని. తొందరలో అల్లుకున్న మూడో రకం కొల్లాజెన్‌ను మెటల్లోప్రొటీనేజులు (కోసే ఎంజైములు ఇవే; జింకు లేనిదే పనిచేయవు) కత్తిరిస్తాయి, ఆ చోట ఒకటో రకం పోగులు పడతాయి, రాగి ఆధారంగా పనిచేసే లైసిల్ ఆక్సిడేజ్ అనే మరో ఎంజైము వాటిని ఒకదానికొకటి ముడివేస్తుంది. కొల్లాజెన్ కోత మితిమీరితే పుండు మానదు: మొండికేసిన మధుమేహ పుండ్ల స్రావంలో ఈ ఎంజైములు ఎక్కువగా, వాటిని అదుపుచేసే టింప్ ప్రొటీన్లు తక్కువగా కనిపిస్తాయి. కోత చాలకపోతే మచ్చ గట్టిపడి ఉబ్బుతుంది. ఈ ఎంజైములను మొత్తంగా అణచేస్తే ఏమవుతుందో, వాటిని అడ్డుకునే మారిమాస్టాట్ మందును క్యాన్సర్ రోగులపై పరీక్షించినప్పుడే తేలింది. చాలామందికి కీళ్లు బిగుసుకుని నొప్పులు వచ్చాయి. డిశ్చార్జి కాగితంలో కుట్లు విప్పే తేదీ తప్పకుండా ఉంటుంది, బరువులు ఎప్పటినుంచి ఎత్తవచ్చో మాత్రం చాలాసార్లు ఉండదు. పొట్ట కోసి చేసే పెద్ద ఆపరేషన్లకు ఈ గడువు సాధారణంగా ఆరు వారాలు. ఆ తేదీకి కాగితంలో వేరే గడి తప్పనిసరి చేయాలి. పొగతాగేవారికి, స్టెరాయిడ్లు వాడేవారికి, విటమిన్ సి లోపం ఉన్నవారికి సర్జన్ దాన్ని అవసరాన్నిబట్టి పొడిగించి రాయాలి.