ట్రేలో పచ్చిక: అసలు కిటుకు అడుగునే

సంపాదకులకు నమస్కారం.

కుక్కల మలమూత్రాల కోసం ఇంట్లో ట్రేలో పచ్చిక పెంచేవారు ఎక్కువగా మట్టి దగ్గరే దెబ్బతింటున్నారు. బంకమట్టి నింపితే మూత్రం కిందికి దిగదు, కొద్దిరోజులకే అమ్మోనియా ఘాటు ఇల్లంతా కమ్ముతుంది.

ఒకదానిమీద ఒకటి రెండు ట్రేలు కావాలి. పైదాని అడుగున పెన్సిల్ పట్టేంత రంధ్రాలు దగ్గరదగ్గరగా వేయాలి. అందులో అంగుళం మందాన సన్నకంకర, దానిమీద దోమతెర గుడ్డ, ఆపైన రెండంగుళాలు ముతక ఇసుక, కొబ్బరిపొట్టు సమంగా కలిపి పరవాలి. కుక్క ఒక చుట్టు తిరిగేంత చోటు లేకపోతే అది ట్రే పక్కన నేలమీదే పోస్తుంది.

గింజలు చల్లొద్దు. వేళ్లు పట్టేలోపే కుక్క తవ్విపోస్తుంది. చాపలా చుట్టి అమ్మే పచ్చిక మేలు. దాని అడుగున ప్లాస్టిక్ వల ఉంటే లాగేయండి, గోళ్లు ఇరుక్కుంటాయి. పురుగుమందు కొట్టినదైతే అసలు తేవద్దు. కిటికీ వెలుతురు తప్పనిసరి.

గడ్డి మాడితే చాలామంది ఎరువు వేస్తారు. అది ఇంకా చేటు. మాడ్చేదే మూత్రంలోని నత్రజని, లవణాలు. పోసిన వెంటనే అక్కడే లీటరు నీళ్లు పోయాలి, కింది ట్రేను రోజూ ఖాళీ చేసి కడగాలి. వాసన పోవాలని బ్లీచింగ్ మాత్రం చల్లకండి. అమ్మోనియాతో కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే వాయువు పుడుతుంది. మలం వెంటనే ఎత్తేయాలి. ఏలికపాముల గుడ్లు ఉండొచ్చు కనుక పాత మట్టిని కూరగాయల కుండీల్లో వేయకూడదు.

ఇట్లు,
ఒక పాఠకుడు