కారు ఏసీ వాసన పనిలో ఈ వానాకాలం నుంచి మేము చేస్తున్న మార్పులు

కాకినాడలోని మా ఏసీ వర్క్‌షాపుకు వానలు మొదలైనప్పటి నుంచి వచ్చే కార్లలో చాలావాటికి ఫిర్యాదు ఒకటే. ఏసీ వేసిన మొదటి రెండు మూడు నిమిషాలు, ఆరని బట్టలు మూటగట్టి పెట్టినట్టు ముక్కిన వాసన వస్తుంది. తరువాత దానంతట అదే తగ్గిపోతుంది. దీనికి మేము ఇన్నాళ్ళూ చేస్తూ వచ్చిన సువాసన పొగ పనిని, అంటే కారు లోపల ఒక డబ్బా మందు వదిలి అద్దాలు మూసి గంటలో బండి అప్పగించే పనిని, ఈ వానాకాలం నుంచి నిలిపివేస్తున్నాము. శ్రమ తక్కువ, మిగులు ఎక్కువ కావడం వల్ల అది మాకు లాభసాటి పనే. అయితే ఆ సువాసన ఉన్నన్నాళ్ళే ఉంటుంది. వాసన పుట్టే చోటుకు దానివల్ల ఏ మార్పూ జరగదు.

ఆ చోటు డాష్‌బోర్డు వెనుక ఉండే కూలింగ్ కాయిల్. ఏసీ నడుస్తున్నంతసేపు అది సున్నా డిగ్రీలకు కొద్దిగా పైన ఉంటుంది కనుక, గాలిలోని తేమ దాని మీద నీరుగా చేరి, డ్రెయిన్ పైపు గుండా కిందికి కారిపోతుంది. ఆపిన కారు కింద కనిపించే నీరు ఇదే. ఉక్కపోత రోజున ఎంతసేపు ఏసీ వేసినా ఆ నీరు కనిపించకపోతేనే అనుమానించాలి. ఇంజన్ ఆపిన తరువాత కాయిల్ చల్లదనం త్వరగానే పోతుంది గాని, పలుచని అల్యూమినియం రేకుల సందుల్లోని తడి, ముఖ్యంగా సముద్రపు గాలి తగిలే మన ఊళ్ళలో, తెల్లవారేదాకా ఆరదు. ఆ సందుల్లో ఇరుక్కున్న దుమ్ము, పుప్పొడి, ఆకుల పొడి మీద ఆ తడిలో, ఆ చీకట్లో బూజు, బాక్టీరియా పెరుగుతాయి. మరునాడు బ్లోయర్ (గాలిని లోపలికి తోసే ఫ్యాన్) వేయగానే మొదట ముఖానికి తగిలేది వాటి మీదుగా వచ్చిన గాలే.

ఏసీలో చల్లదనాన్నిచ్చే గ్యాస్ తగ్గితే వాసన వస్తుందని నమ్మి, గ్యాస్ నింపమని అడిగేవారు చాలామంది ఉన్నారు. కారులో ఉన్నది ఆర్134ఏ రకం గ్యాస్ అయినా, కొన్ని కొత్త కార్లలో వచ్చే ఆర్1234వైఎఫ్ అయినా, అది మూసి ఉన్న గొట్టాలలో తిరిగేదే తప్ప మీరు పీల్చే గాలిలో కలిసేది కాదు. అందువల్ల చెమ్మ వాసన ఒక్కటే ఫిర్యాదు అయితే, అడిగినా మేము గ్యాస్ నింపము.

ఇకపై వాసన ఫిర్యాదుతో వచ్చిన ప్రతి కారునూ ముందుగా విప్పి చూస్తాము. దానికి 300 రూపాయలు తీసుకుంటాము. తరువాత పని మా దగ్గరే చేయించుకుంటే ఆ మొత్తాన్ని బిల్లులో తగ్గిస్తాము. ఎక్కువ కార్లలో గ్లోవ్ బాక్స్ వెనుక ఉండే, కారు లోపలి గాలిని వడగట్టే క్యాబిన్ ఫిల్టర్‌ను బయటికి తీసి మీ చేతికే ఇస్తాము. ఏడాదికి ఒకసారైనా మార్చవలసిన ఈ ఫిల్టర్‌ను కొన్నప్పటి నుంచి ఒక్కసారీ మార్చని కార్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి; కొన్ని పాత చిన్న కార్లలోనైతే అసలు ఫిల్టరే ఉండదు. తరువాత వైపర్ల కింది జాలీని చూస్తాము, ఎందుకంటే వేపచెట్టు కింద నిలిపే కార్లలో ఆకులు అక్కడ పేరుకుని, కుళ్ళి, నీరు పోయే దారిని మూసివేస్తాయి. ఆపైన డ్రెయిన్ పైపు. అది పూడుకుపోతే నీరు లోపలికే మళ్ళి ముందు సీటు కాళ్ళ దగ్గర కార్పెట్ కింది స్పాంజిని తడుపుతుంది. అప్పుడు కాయిల్ ఎంత కడిగినా వాసన పోదు, కార్పెట్ లేపి ఎండబెట్టవలసిందే. బ్లోయర్ గూటిలో ఎలుకలు కాపురం పెట్టిన కార్లు కూడా వానాకాలంలో వస్తాయి. ఆ వాసన వేరు, ఆ పని వేరు.

దోషం కాయిల్‌లోనే ఉందని తేలితే, సన్నని కెమెరా లోపలికి పంపి కాయిల్ ఎలా ఉందో మీకు చూపించి, అల్యూమినియానికి హాని చేయని నురుగు మందును దాని మీద పట్టించి, నానిన తరువాత శుభ్రమైన నీటితో కడుగుతాము. దగ్గరలోనే వైర్లు, బ్లోయర్ మోటారు ఉంటాయి కాబట్టి ఇది తొందరపడి చేసే పని కాదు. కాయిల్ ఆరే సమయంతో కలిపి సగం రోజు పడుతుంది, రుసుము 1,800 రూపాయలు, ఫిల్టర్ ధర వేరు. డాష్‌బోర్డు మొత్తం ఊడదీసి కాయిల్ బయటికి తీయడం మాత్రం మాకు ఇష్టం లేని పని. ఒకసారి విప్పిన డాష్‌బోర్డులో క్లిప్పులు వదులై గతుకుల రోడ్డు మీద చప్పుళ్ళు మొదలయ్యే అవకాశం ఉంటుంది, పైగా చాలా కార్లలో గ్యాస్ తీసి మళ్ళీ నింపాలి. అందుచేత కాయిల్ లీకైతేనో, నురుగుతో పోనంత మురికి ఉంటేనో తప్ప ఆ సలహా ఇవ్వము.

ఓజోన్ యంత్రం మా దగ్గర ఉంది, ఉంటుంది. సీట్లకు, పైకప్పు గుడ్డకు పట్టిన వాసనకు అది కొంత పనిచేస్తుంది. అయితే కాయిల్ మీది మురికిని అది కడగలేదు, పైగా ఓజోన్ పీల్చకూడని వాయువు కనుక పని అయ్యాక తలుపులు తెరిచి గాలి ఆడనివ్వకుండా ఎవరినీ కారెక్కనివ్వము. ఇంట్లో మీరే బ్లీచింగ్ నీళ్ళు కొట్టే ప్రయత్నం దయచేసి చేయవద్దు, అది కాయిల్ లోహాన్ని తినేస్తుంది. సాంబ్రాణి పొగ వేసేవారికి ఒక్క మాట: ఆ మసి కూడా ఫిల్టర్‌లోకే చేరుతుంది.

ఇక గ్యారంటీ. మూడు నెలల లోపు వాసన తిరిగి వస్తే ఉచితంగా మళ్ళీ చూస్తాము. ఇక ఎప్పటికీ రాదని మాత్రం రాసి ఇవ్వలేము, ఎందుకంటే మేము తీసివేసేది మురికినే గాని తడిని కాదు. ఇల్లు చేరడానికి మూడు నాలుగు నిమిషాల ముందు ఏసీ బటన్ ఆపి, బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టి, బ్లోయర్‌ను వేగంగా నడిపితే కాయిల్ చాలావరకు ఆరుతుంది. ఆ కాసేపు ఉక్కగానే ఉంటుంది, అయినా మా పని ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది ఎక్కువగా దీని మీదే ఆధారపడుతుంది. ఇంట్లో ఆస్తమా, దుమ్ము అలర్జీ ఉన్నవారు ఉంటే దీన్ని తప్పక పాటించండి.

వచ్చే వాసన తియ్యగా ఉండి, ముందు అద్దం లోపలి వైపు జిడ్డుగా మసకబారుతుంటే అది బూజు కాదు, హీటర్ కాయిల్ నుంచి కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) కారడం కావచ్చు. అలాంటి కారును వెంటనే తీసుకురండి. చెమ్మ వాసనకైతే అంత తొందర అవసరం లేదు గాని, ఒక కోరిక: వీలైతే ముందురోజు సాయంత్రమే కారును మా దగ్గర వదిలి వెళ్ళండి. రాత్రంతా ఆగి ఉన్న కారులో పొద్దున మొదటిసారి ఏసీ వేసినప్పుడే ఆ వాసన సరిగా తెలుస్తుంది. అరగంట ఏసీ వేసుకుని వచ్చిన కారులో మాకు ఏమీ అంతుపట్టదు.