కషాయం ప్యాకెట్ల మీద ‘ఇమ్యూనిటీ’ రాతలు

సంపాదకులకు,

వానలు మొదలై ఇంటింటా జలుబు, దగ్గు పలకరిస్తున్న ఈ రోజుల్లో మందుల షాపు నుంచి సూపర్‌మార్కెట్ దాకా ఎక్కడ చూసినా ‘రోగనిరోధక శక్తిని పెంచే’ హెర్బల్ టీ ప్యాకెట్లే కనిపిస్తున్నాయి. వీటికి ఇంత గిరాకీ వచ్చింది కరోనా కాలంలో. తులసి, దాల్చినచెక్క, శొంఠి, మిరియాలు, ఎండుద్రాక్ష వేసి కాచిన కషాయాన్ని రోజుకు ఒకటి రెండుసార్లు తాగమని 2020లో ఆయుష్ మంత్రిత్వ శాఖ సూచించింది. అది కొవిడ్‌కు చికిత్స కాదని ఆ సూచనల్లోనే పేర్కొంది. ఈ రెండో మాట మాత్రం వ్యాపారుల చెవికెక్కినట్లు లేదు.

శొంఠి, మిరియాల కషాయం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. వేడిగా నాలుగు గుక్కలు దిగితే గొంతు గరగర తగ్గుతుంది, పడిశంతో బిగిసిన ముక్కు కాస్త తేలికపడుతుంది. కానీ ఉపశమనం వేరు, రోగనిరోధక శక్తి పెరగడం వేరు. అల్లం, తులసిలలోని కొన్ని పదార్థాలు ప్రయోగశాలలో కణాల మీద ప్రభావం చూపిన మాట నిజమే అయినా, అక్కడ నేరుగా కణాలకు అందించే మోతాదుకూ, మరిగిన నీటిలోకి దిగి, జీర్ణమై, చివరకు రక్తంలో చేరే మోతాదుకూ పొంతన ఉండదు.

పైగా ఈ శక్తి ఎంత పెరిగితే అంత మంచిదనుకోవడం పొరపాటు. లూపస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవారిలో ఒంటి రక్షణ వ్యవస్థే సొంత అవయవాల మీద దాడి చేస్తుంది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు దానిని అణచి ఉంచేందుకు జీవితాంతం మందులు మింగుతారు. ప్యాకెట్ మీది మాట నిజమైతే వీరికి ముప్పు, అబద్ధమైతే కొన్నవారందరికీ మోసం.

ఇలాంటి పొడుల్లో కలిపే తిప్పతీగ సంగతే చూడండి. దానిని వాడిన తర్వాత కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలను దేశంలోని 13 వైద్య కేంద్రాల నిపుణులు 2022లో ప్రచురించారు. వారిలో కొందరికి ఆటోఇమ్యూన్ కాలేయ వ్యాధి, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే కాలేయం మీద దాడి చేసే జబ్బు, లక్షణాలు బయటపడ్డాయి. తిప్పతీగ సురక్షితమేనని, అదే జాతికి చెందిన మరో తీగతో పొరబడే అవకాశం ఉందని ఆయుష్ శాఖ వాదించింది. అదే నిజమనుకున్నా, పొడి చేసి సంచిలో కట్టాక ఏ తీగ ఏదో కొనేవాడు ఎలా పోల్చుకోగలడు? తియ్యదనం కోసం కలిపే అతిమధురం కూడా రోజూ ఎక్కువగా తీసుకుంటే రక్తపోటును పెంచి పొటాషియంను తగ్గిస్తుంది. బీపీ మాత్రలు వేసుకునేవారికి ఆ సంగతి చెప్పేదెవరు?

ప్యాకెట్ ముందువైపు ‘ఇమ్యూనిటీ’ అన్న అక్షరాలు బొటనవేలంత ఉంటాయి. దినుసుల పేర్లు మాత్రం అడుగున, అతుకు మడతలో, భూతద్దం పెట్టినా ఆనవు. ఆహార పదార్థాల గురించి చెప్పే గొప్పలకు శాస్త్రీయ ఆధారం ఉండాలని 2018 నాటి ఆహార భద్రత నిబంధనలు చెబుతున్నాయి. వాటి ప్రకారం అధికారులు ఈ రాతలను తనిఖీ చేయాలి. ఏ మూలిక ఎన్ని గ్రాములుందో, ఎవరు వాడకూడదో తెలుగులో స్పష్టంగా అచ్చువేయించాలి. ఇలాంటి ప్రకటనలు వచ్చినప్పుడు మీ పత్రిక కూడా ముందుగా ఆ ఆధారం చూపమని అడగాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఫార్మసీ అధ్యాపకుడు, తణుకు