ఎంఏ కమ్యూనికేషన్‌కు ఏడున్నర లక్షలా?

సంపాదకులకు నమస్కారం.

నేను జగిత్యాల డిపోలో ఆర్టీసీ కండక్టర్‌ను. నా బిడ్డ ఈ ఏడాది బీఏ పాసైంది. ఎంఏ కమ్యూనికేషన్, అంటే జర్నలిజం, మీడియా చదువు చదువుతానంటోంది. నెల రోజులుగా ఇంట్లో ఇదే మాట. పిల్ల మీద నమ్మకం లేక కాదు. ఇంటర్‌లో ఉన్నప్పుడే, మా వాడలో నల్లా నీళ్లు రాక ఆడవాళ్లు పడే తిప్పలను ఫోన్‌లో వీడియో తీసి, తనే మాట చెప్పి, మున్సిపాలిటీ వాళ్లు వచ్చి చూసేలా చేసింది. నా టెన్షన్ అంతా డబ్బు గురించే.

మీ పత్రికలోనే ఫుల్ పేజీ ప్రకటన చూసి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీకి వెళ్లాం. స్టూడియో, లైట్లు, ఆకుపచ్చ తెర అన్నీ చూపించారు. నా బిడ్డ కెమెరా చేతిలోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు. రెండేళ్ల ఫీజు, హాస్టల్ కలిపి ఏడున్నర లక్షలన్నారు. "పోయినేడు చదువు అయిపోయినవాళ్లకు మామూలుగా ఎంత జీతం వస్తోంది మేడం?" అని అడిగాను. హైయెస్ట్ ప్యాకేజీ అంటూ ఒక అమ్మాయి ఫొటో చూపించారు. మిగతావాళ్ల సంగతేమిటంటే బ్రోచర్ చేతిలో పెట్టారు. బస్సులో నలభై మంది ఉంటే ఒక్క టికెట్ చూపించి లెక్క సరిపోయిందంటే మా డిపోలో ఎవరూ ఒప్పుకోరు.

బ్యాంకుకూ వెళ్లాను. ఏడున్నర లక్షల దాకా తాకట్టు అక్కర్లేదన్నారు. వడ్డీ 11 శాతం. చదివే రెండేళ్లు, ఆపైన ఒక ఏడాది కిస్తీ ఉండదు గానీ వడ్డీ పడుతూనే ఉంటుంది. అదే రెండు లక్షలు దాటుతుంది. తర్వాత పదేళ్లపాటు నెలకు 13 వేల పైచిలుకు కట్టాలి. మా డిపోలోనే పనిచేసే మిత్రుడి కొడుకు ఇలాంటి ఎంఏ చేసి, కరీంనగర్‌లో ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసులో సోషల్ మీడియా పోస్టులు తయారు చేస్తున్నాడు. జీతం 18 వేలు. పక్క సీట్లో ఉత్త డిగ్రీ చదివినవాడికీ అంతే. ఇంటి అద్దె పోయాక ఆ పిల్లవాడు కిస్తీ దేంతో కట్టాలి? ఇప్పుడు వాళ్ల నాన్నే కడుతున్నాడు.

చదువే వద్దని నేను అనను. కాలేజీలో పాఠం చెప్పాలంటే మామూలుగా పీజీలో 55 శాతం మార్కులు, పైన నెట్ లాంటి అర్హత పరీక్ష పాసై ఉండాలి. అలాంటివాళ్లకు ఎంఏ లేకుండా కుదరదు. కానీ అదే చదువు ఉస్మానియాలో ఉంది, జర్నలిజం విభాగం 1954 నుంచీ నడుస్తోంది. సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ ఉంది. అక్కడ ఫీజు వేలల్లోనే. సెంట్రల్ యూనివర్సిటీలో సీటుకు సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. మాకు ఆ సంగతి తెలిసేసరికి దరఖాస్తుల గడువు దాటిపోయింది. "ముందే తెలిస్తే రాసేదాన్ని కదా బాపూ" అని నా బిడ్డ ఏడ్చింది. ఫీజు తక్కువ ఉన్నచోటికి ఫుల్ పేజీ ప్రకటన ఉండదు. మాలాంటి వాళ్లకు దాని సంగతి ఎవరు చెప్పాలి?

పత్రికలు తమ సొంత జర్నలిజం స్కూళ్లలో డిగ్రీ వాళ్లను తీసుకుని, స్టైపెండ్ ఇచ్చి మరీ నేర్పిస్తాయని కూడా ఈ మధ్యే తెలిసింది. కొన్నేళ్లు అక్కడే పనిచేస్తామని బాండ్ రాయాలట. అయినా ఏడున్నర లక్షల అప్పుకన్నా అది నయమనిపిస్తోంది.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఈ చదువు చదివినవాళ్లకు ఉద్యోగాలిచ్చేది మీరే. గత రెండు మూడేళ్లలో మీ డెస్కులో చేరినవాళ్లలో ఎంతమంది ఎంఏ చదివారు? దానివల్ల వాళ్ల జీతంలో తేడా ఏమైనా వచ్చిందా? పేర్లు వద్దు, లెక్క అచ్చు వేయండి చాలు. అలాగే సీయూఈటీ పీజీ, ఉస్మానియా లాంటి రాష్ట్ర యూనివర్సిటీల్లో పీజీ సీట్లకు రాసే సీపీగెట్ గడువు తేదీలను జిల్లా పేజీలో పెద్ద అక్షరాలతో వేయండి.

నా బిడ్డ చేత సీపీగెట్‌కు దరఖాస్తు పెట్టించాను. ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు ఈ నెలాఖరులోగా 25 వేలు అడ్వాన్స్ కట్టమని రోజూ ఫోన్ చేస్తున్నారు. మీ జవాబు చూసేదాకా కట్టను.

- ఒక ఆర్టీసీ కండక్టర్, జగిత్యాల