కప్లర్ దొరికింది దోస్త్

హిల్ కాలనీ, నాగార్జునసాగర్
ఆదివారం రాత్రి

దోస్త్,

మొన్న ఫోన్‌లో పడవ మోటార్ సంగతి సగం చెప్పేసరికి సిగ్నల్ పోయింది. మిగతాది రాస్తే నీకూ తీరిగ్గా అర్థమవుతుందని ఈ ఉత్తరం. ఇంట్లో అందరూ మంచిగున్నారు కదా? అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా?

మా మేనమామ పడవ మోటార్ గుర్తుందా, నీలం రంగు మూతతో ఉండేది, ఎవిన్‌రూడ్ 40 హార్స్‌పవర్? ఎన్నో ఏళ్లు గోనెసంచి కింద పడి ఉంది. పాత ఇనుప సామాన్ల వాడు రెండుసార్లు తూకం కాటా పట్టుకొని వచ్చాడు కానీ నేను ఇవ్వలేదు. మామ చేతి మీద నడిచిన మోటార్‌ను కిలోల లెక్కన అమ్మాలంటే నా మనసు ఒప్పుకోదు. దాని ప్లేటు మీద ఏ సంవత్సరమో అంకెల్లో ఉండదు. 1980 నుంచి ఆ కంపెనీ ‘ఇంట్రడ్యూసెస్’ అనే ఇంగ్లీషు మాటలోని పది అక్షరాలకు వరుసగా ఒకటి నుంచి తొమ్మిది, చివరి దానికి సున్నా అని లెక్క పెట్టింది. మన ప్లేటు మీద సి, ఓ అని ఉన్నాయి. సి అంటే 8, ఓ అంటే 5. అంటే 1985 మోడల్. ఇది తెలిసిన రోజు ఎంత సంబరపడ్డానో!

పోయిన నెల కార్బురేటర్ కడిగి, ప్లగ్గులు మార్చి నీళ్లలోకి దింపాను. సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. ఒక చుట్టు తిరిగి గట్టుకొచ్చి కీ ఆఫ్ చేస్తే మోటార్ ఆగలేదు. కీ పీకి చేతిలో పట్టుకున్నా, అది తిరుగుతూనే ఉంది. పక్కనే పిల్లలు ఈత కొడుతున్నారు. న్యూట్రల్‌లో పెట్టి, పెట్రోల్ పైపు ఊడదీసి, కార్బురేటర్లో మిగిలింది అయిపోయేదాకా అట్లనే నిలబడ్డాను. ఇంటికొచ్చాక కూడా చాలాసేపు చేతులు వణికాయి.

నీ కారులో కీ తీస్తే ఇంజిన్‌కు కరెంటు ఆగిపోతుంది. ఇందులో అది తిరగబడి ఉంటుంది. ఫ్లైవీల్ అనే బరువు చక్రం తిరుగుతున్నంతసేపు ప్లగ్గులకు కావాల్సిన కరెంటు అదే పుట్టించుకుంటుంది. ఆపాలంటే నలుపు మీద పసుపు గీత ఉన్న తీగను ఎర్త్‌కు కలపాలి. కీ ఆఫ్ చేస్తే జరిగేది అదే. ఆ తీగ మధ్యలో తెగితే కీకి, మోటార్‌కు సంబంధం ఉండదు.

తీగ తెగలేదు. మోటార్ మూత కింద తీగలను కలిపే నల్ల రబ్బరు కప్లర్ ఉంటుంది చూడు, అందులో పిన్ను చిలుము పట్టి పచ్చగా పొడి అయిపోయింది. ఇన్నేళ్ల తేమకు రబ్బరు కూడా పగిలింది. రబ్బరు బాగుంటే స్పిరిట్ పోసి జారేలా చేసి, పాత పిన్నును వెనక్కి తోసి కొత్తది పెట్టొచ్చు. మనది ఆ దశ దాటిపోయింది.

కంపెనీవాళ్లను అడుగుదామంటే, దీన్ని తయారుచేసిన కంపెనీ 2000 డిసెంబర్‌లోనే దివాలా తీసింది. తర్వాత ఆ పేరు కొనుక్కున్న వాళ్లు కూడా 2020లో ఎవిన్‌రూడ్ మోటార్లు ఆపేశారు. నల్గొండలో నాలుగు దుకాణాలు తిరిగాను. ఒక చోట, పేరు ఎందుకులే, తీగలన్నీ మెలిపెట్టి టేపు చుట్టేయమన్నారు. నీళ్ల మీద తిరిగే దానికి టేపు చుట్టి పిల్లల్ని ఎక్కించుకోవాలా? నాకు చాలా కోపం వచ్చింది.

చివరికి మిర్యాలగూడలో దొరికింది. అసలు పడవ మోటార్ కప్లర్ అని అడగడమే నా పొరపాటు. వరికోత మిషన్లకు, జేసీబీలకు వైరింగ్ చేసే చాచా నా రబ్బరు ముక్కను తిప్పి చూసి, “ఎన్ని తీగలు, ఎంత కరెంటు, అది చెప్పు బేటా” అన్నాడు. అంతే, దారి దొరికింది. బురదలో, వానలో, అదురుతూ పనిచేసే బండ్లకు డాయిచ్ డీటీ అనే కప్లర్లు వాడతారట. ప్రతి తీగ చుట్టూ రబ్బరు సీలు, పిన్నులు జారకుండా లోపల బిగించే ఒక చీల. మనవి సన్న తీగలు ఐదు: ఆపేది, సెల్ఫ్‌ది, చోక్‌ది, మీటర్‌ది, మోటార్ వేడెక్కితే మోగే హారన్‌ది. ఆరు పిన్నులది తీసుకొని, ఖాళీ రంధ్రానికి బిరడా పెట్టాను.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. ఆ పిన్ను 13 ఆంపుల వరకే. బ్యాటరీ నుంచి కీకి వెళ్లే ఎరుపు-ఊదా తీగ వెనక 20 ఆంపుల ఫ్యూజు ఉంది. ఫ్యూజు పోయేలోపు పిన్ను కాలకూడదు కదా. అందుకే దానికీ, నల్ల ఎర్త్ తీగకూ అదే రకంలో పెద్దది, డీటీపీ అనే రెండు పిన్నులది కావాలి. దాని పిన్ను 25 ఆంపులు తట్టుకుంటుంది. అది చాచా దగ్గర లేదు.

నీతో పని అక్కడే పడింది. నువ్వు సికింద్రాబాద్‌లోనే ఉన్నావు కాబట్టి రాణిగంజ్ వెళ్లి అది ఒక జత పట్టుకురా. మగ, ఆడ రెండూ, పిన్నులు, సీళ్లతో సహా. కళాయి పూసిన రాగి తీగ ఐదు మీటర్లు, లోపల జిగురు ఉండి, వేడి చేస్తే తీగకు బిగుసుకునే హీట్ స్లీవ్ కూడా తే. మామూలు స్లీవ్ ఇస్తామంటారు, తీసుకోకు. దాని లోపలికి తేమ పాకుతుంది. ఆ పిన్నులు నొక్కే ప్లయర్ మీ కంపెనీలో ఉందన్నావు కదా, రెండు రోజులు అడుగు. సోల్డరింగ్ వద్దు. టాంకం పాకిన చోట తీగ బిరుసెక్కి, మోటార్ అదురుకు అక్కడే విరుగుతుంది.

పాత రబ్బరు కప్లర్‌ను పారేయలేదు. ఏ తీగ ఏ రంధ్రంలో ఉండేదో కాగితం మీద గీసి, దాంతోపాటే మామ డబ్బాలో పెట్టాను.

శనివారం రా. అత్త నీకోసం కొర్రమీను పులుసు చేస్తానంది. ఆదివారం పొద్దున ఇద్దరం కలిసి బిగిద్దాం. నీళ్లలో దింపే ముందు గట్టు మీదే తొట్టిలో నడిపి, కీతో పదిసార్లు ఆపి చూడాలి. బస్సు ఎక్కేముందు ఫోన్ చెయ్యి, హిల్ కాలనీ బస్టాండులో ఉంటాను.

నీ దోస్త్