మేడమ్‌కీ, ఫోన్ పట్టుకున్నవాళ్లకీ, నెట్ ఇచ్చినవాళ్లకీ

చాలా రోజులుగా రాయాలనుకుంటున్న థాంక్స్ ఇది. మా బాబుకి ఆన్‌లైన్లో థెరపీ చేయిస్తున్న మేడమ్‌ని అడిగితే "రాయండమ్మా, కానీ నా పేరు వద్దు, బాబు ఫొటో అసలు వద్దు" అన్నారు. అందుకే ఇందులో పేర్లుండవు. ఎవరి సంగతో వాళ్లకి తెలిసిపోతుందిలెండి.

మాది పలాస. మా వారు జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తారు. బాబుకి ఐదేళ్లు. ఆటిజం అని తేలాక బిహేవియర్ థెరపీ, అంటే రోజువారీ పనులూ ప్రవర్తనా మెల్లమెల్లగా నేర్పించే పద్ధతి, మొదలుపెట్టమన్నారు. అప్పట్లో మాకు తెలిసిన దారి విశాఖపట్నం ఒక్కటే. వాణ్ని రైలెక్కించడమే ఒక యుద్ధం. స్టేషన్లో అనౌన్స్‌మెంట్ వినబడితే చెవులు మూసుకుని ఉన్నచోటే కూలబడిపోతాడు. అంత దూరం వెళ్తే సెషన్ మొత్తం ఏడుపుతోనే అయిపోయేది. నేను బయట కుర్చీలో కూర్చునేదాన్ని. లోపల ఏం చేస్తున్నారో, ఇంటికెళ్లి నేనేం చేయాలో చెప్పేవాళ్లు లేరు. ప్యాకేజీ డబ్బులు మాత్రం ముందే కట్టించుకున్నారు.

మొదటి దండం మా భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) టీచరు గారికి. "వైజాగ్‌లోనే ఉంటారు కానీ ఆన్‌లైన్లో చూస్తారు, ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉంది, ఒకసారి మాట్లాడండి" అని మేడమ్ నంబరు ఇచ్చింది ఆవిడే. మన దేశంలో స్పెషల్ ఎడ్యుకేటర్లు, క్లినికల్ సైకాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టులు భారత పునరావాస మండలిలో (ఆర్‌సీఐ అంటే అదే) నమోదై ఉండాలని అప్పుడే తెలిసింది. ఫోన్లో వచ్చే "నెలలో ఆటిజం మాయం" ప్రకటనలు చూసి ఫోన్ చేస్తే ముందు ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి చాలు, సగం మంది లైన్ కట్ చేస్తారు.

మా వారు మొదటి కాల్‌లోనే ఉన్నమాట అడిగేశారు. "ఫోన్లో థెరపీ ఏంటి మేడమ్, వీడు రెండు నిమిషాలు కుదురుగా కూర్చోడు."

"వాడు కూర్చోనక్కర్లేదండీ. కూర్చోవాల్సింది మీరిద్దరూ" అన్నారావిడ. నేర్పేది అమ్మానాన్నలకనీ, పిల్లాడితో రోజంతా ఉండేది వాళ్లే కాబట్టి చేయాల్సింది కూడా వాళ్లేననీ చెప్పారు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాగే వీడియోలో తల్లిదండ్రులకి నేర్పించి, పిల్లల గొడవలు బాగా తగ్గాయని 2013లోనే ప్రచురించారట. మా వారు రాత్రి దాన్ని వెతుక్కుని చదివి, పొద్దున్నే "సరే" అన్నారు. ఆయన సంగతి తెలిసినవాళ్లకి ఇదెంత గొప్ప విషయమో అర్థమవుతుంది.

మా ఇంట్లో పెద్ద గొడవ స్నానం. బాత్రూమ్ గుమ్మం దగ్గరకి రాగానే కేకలు, చెయ్యి కొరుక్కోవడం. నీళ్లంటే భయమనే అందరం అనుకున్నాం. మేడమ్ ముందు ఒక నోట్‌బుక్ పెట్టమన్నారు. గొడవకి ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, ఆ తర్వాత ఇంట్లోవాళ్లు ఏం చేశారు, అంతే రాయాలి. "మొండికేశాడు" లాంటి మాటలు రాయకూడదు, కంటికి కనబడిందే రాయాలి. అది చూశాక ఆవిడకి ఏదో అనుమానం వచ్చింది. "బాబు స్నానం వీడియో నాకు పంపొద్దమ్మా. బాత్రూమ్ ఖాళీగా ఉన్నప్పుడు చూపించండి" అన్నారు. నేను ఫోన్ పట్టుకుని లోపలికెళ్లాను. కుళాయి తిప్పమన్నారు. మా ట్యాంకు పైనే ఉండడంతో నీళ్లు ఖాళీ బకెట్లో దబదబా పడతాయి. ఆ చప్పుడు నా చెవికి ఏనాడూ పట్టలేదు. అప్పుడే హాల్లోంచి మా అత్తమ్మ అరిచారు, "వీడు చెవులు మూసుకున్నాడే!" అని.

మర్నాటి నుంచి వాడు నిద్ర లేవకముందే బకెట్ నింపి పెట్టడం మొదలుపెట్టాం. గుమ్మం దగ్గర రెండు బొమ్మలు అతికించాం, ముందు స్నానం, తర్వాత ఉయ్యాల. ఏడుపు ఒక్కరోజులో పోలేదు. కానీ ఇప్పుడు చెంబు వాడే పట్టుకుంటాడు. వైజాగ్‌లో గదిలో కూర్చోబెడితే మా కుళాయి చప్పుడు ఎవరికి వినబడేది?

రెండోది అడగడం. వాడికి మాటలు ఇంకా సరిగ్గా రాలేదు. ఏదైనా కావాలంటే నన్ను లాక్కెళ్లి ఫ్రిజ్ ముందు నిలబెట్టి ఏడ్చేవాడు. పెరుగా, అరటిపండా, చల్లటి నీళ్లా, తెలుసుకునేసరికి ఇద్దరికీ టెన్షన్. మేడమ్ చెబుతుంటే పాత శుభలేఖల అట్టలు కత్తిరించి, ఒక్కోదాని మీద ఒక్కో ఫొటో అంటించి, పైన ప్యాకింగ్ టేపు వేశాం. వాడు పెరుగు బొమ్మ చేతిలో పెడితే ఆ క్షణమే పెరుగు ఇవ్వాలి, "చెప్పు, చెప్పు" అని విసిగించకూడదు. అడగడం వాడికి వెనకాల నుంచి చెయ్యి పట్టి చూపించాలి, ముందున్నవాళ్లు అందుకోవాలి. అంటే ఇద్దరు మనుషులు కావాలి, ఫోన్ పట్టుకోవడానికి మూడోవాళ్లు. మా వారు డ్యూటీలో ఉంటే ఆ మూడో మనిషి పక్కింట్లో ఇంటర్ చదివే అమ్మాయి. పరీక్షల రోజుల్లో కూడా "పిన్నీ, సెషన్ ఉందా?" అంటూ పుస్తకంతో సహా వచ్చేసేది. వాళ్లింటి వైఫై పాస్‌వర్డ్ కూడా మాదే అయిపోయింది. నీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలీదమ్మా.

మేడమ్‌లో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. సంతోషమొస్తే వాడు చేతులు ఆడిస్తాడు. అది మాన్పించమని చుట్టాలందరూ సలహా ఇచ్చారు. మేడమ్ మాత్రం "ఎవరికైనా దెబ్బ తగులుతోందా? లేదు కదా, ఆడించుకోనివ్వండి" అన్నారు. అలాగే అన్నీ ఫోన్లోనే అయిపోతాయని ఎప్పుడూ చెప్పలేదు. వినికిడి పరీక్షకీ, ఆక్యుపేషనల్ థెరపీకీ (తినడం, బట్టలేసుకోవడం లాంటి రోజువారీ పనులకి సాయపడే థెరపీ) నేరుగా వెళ్లాల్సిందేనని పంపించారు. వెళ్లాం కూడా.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని వైకల్యంగా గుర్తించిందనీ, సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) తీసుకోవచ్చనీ, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉందనీ చెప్పింది కూడా ఆవిడే. ఆ కాగితాల కోసం సెలవులు పెట్టి తిరిగిన మా తమ్ముడికి థాంక్స్ చెబితే తిడతాడు, అయినా చెబుతున్నాను.

అత్తమ్మ గురించి రాయకపోతే పాపం. బొమ్మ కార్డు ఇస్తేనే బిస్కెట్ ఇవ్వాలన్నప్పుడు "పసివాణ్ని ఇంత ఏడిపిస్తారా" అని అలిగి పెరట్లో కూర్చున్నారు. ఇప్పుడు నేనెప్పుడైనా తొందరలో కార్డు లేకుండా ఇచ్చేస్తే ఆవిడే పట్టుకుని "మేడమ్‌కి చెప్పమంటావా?" అంటున్నారు.

వచ్చే వారం నుంచి జుట్టు కటింగ్ అలవాటు చేసే పని మొదలు. మెషీన్ ఆన్ చేయకుండా ఊరికే చేతిలో పట్టుకుని వాడికి చూపించాలట, అదీ షాపులో ఎవరూ లేనప్పుడు. మా వీధి సెలూన్ అతన్ని అడిగితే "మధ్యాహ్నం తీసుకురండక్కా, షట్టర్ సగం దించేస్తాను" అన్నాడు. అతనికి ముందుగానే థాంక్స్.